బాపు పేరు నుంచి అమ్మ పేరుకు: రైతు భరోసా, పీఎం కిసాన్ కోసం మేం పడ్డ ఏడాది

మా బాపు 2024 నవంబరు 9న పోయాడు. గుండెపోటు. పత్తి ఏరే రోజులవి. సగం పత్తి ఇంట్లో, సగం చేన్లో ఉంది. ఆయన పేరున 3 ఎకరాల 18 గుంటల భూమి ఉంది. ఆ భూమి అమ్మ పేరుకు మారి, తెలంగాణ ప్రభుత్వం పంటకు ఎకరం లెక్కన ఇచ్చే రైతు భరోసా డబ్బు మొదటిసారి అమ్మ ఖాతాలో పడేసరికి 2025 జూలై వచ్చింది. కేంద్రం ఏడాదికి 6,000 రూపాయలు విడతలుగా ఇచ్చే పీఎం కిసాన్ డబ్బు చేతికందేసరికి ఆ ఏడాది డిసెంబరు. ఇంటి పెద్ద పోయినప్పుడు ఈ పథకాల సంగతి ఏమవుతుందో మాకు సరిగ్గా చెప్పినవాళ్లు లేరు. ఒక్కో ఆఫీసులో ఒక్కో ముక్క తెలిసింది. ఆ ముక్కలన్నీ కలిపి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మాది ఉమ్మడి వరంగల్ జిల్లా. నేను హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేస్తాను. అక్కను భీవండిలో ఇచ్చాం. ఊళ్లో అమ్మ ఒక్కతే ఉంటుంది.

మొదటి దెబ్బ పత్తి దగ్గరే తగిలింది. బాపు పోయిన వారానికి చేన్లో మిగిలిన పత్తి ఏరించాం. ఆ ఏడాది పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాకు 7,521 రూపాయలు. మద్దతు ధరకు పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ కేంద్రానికి తీసుకెళ్దామంటే పంట నమోదు బాపు పేరున ఉంది, డబ్బు పడేది ఆయన ఆధార్‌కు కట్టి ఉన్న ఖాతాలో. ఆయనే లేడు. మరో దారి కోసం తిరిగే ఓపిక అప్పుడు ఇంట్లో ఎవరికీ లేదు. ఊళ్లోకి వచ్చిన వ్యాపారికే 6,700 చొప్పున ఇచ్చేశాం. తూకం వేస్తున్నంతసేపూ అమ్మ లోపలి నుంచి బయటికి రాలేదు. ఏటా కాంటా దగ్గర నిలబడేది బాపే.

మరణ ధ్రువపత్రం గ్రామపంచాయతీలోనే ఇస్తారు. 21 రోజుల లోపు నమోదు చేయిస్తే రుసుము ఉండదు. ఆ రోజుల్లోనే రాష్ట్రమంతా ఇంటింటి కుటుంబ సర్వే నడుస్తోంది. సెక్రటరీ సారు పొద్దంతా ఆ పనిలోనే ఉండేవారు. అయినా పది రోజుల్లో కాగితం ఇచ్చారు. ఒక్క మాట చెప్తాను. ఆ కాగితం చేతికి రాగానే అందులో ఇంటిపేరు, తండ్రి పేరు, ఆధార్ నంబరు, పాసుబుక్కులో ఉన్న పేరు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకోండి. బాపు పేరు చివర 'య్య' ఒకచోట ఉంది, ఇంకోచోట లేదు. అప్పటికప్పుడే చెప్పి సరి చేయించాం కాబట్టి బతికిపోయాం. పది జిరాక్సులు తీయించి ఉంచుకున్నా, అవి కూడా చాలలేదు.

రైతు బీమా వస్తుందని ఊళ్లో అందరూ అన్నారు. పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షలు ఇచ్చే పథకం అది. 2018 ఆగస్టు నుంచి ఎల్‌ఐసీ ద్వారా నడుస్తోంది. కానీ 18 నుంచి 59 ఏళ్ల వాళ్లకే వర్తిస్తుంది. బాపు ఆధార్‌లో పుట్టిన తేదీ 1963 జనవరి 1. బడికి పోని మా ఊరి మగవాళ్లలో సగం మందికి పుట్టినరోజు జనవరి 1నే. ఆధార్ తీసిన రోజు ఎంత వయసని అడిగితే ఈయన ఒక అంకె చెప్పి ఉంటాడు, వాళ్లు అదే రాసుకుని ఉంటారు. మా నాయనమ్మ లెక్క ప్రకారం ఆయనకు అరవై నిండలేదు. కానీ లెక్కలోకి వచ్చేది ఆధార్. దాని ప్రకారం బాపుకు 61 దాటాయి. ఏఈఓ (ఊళ్లకు వచ్చే వ్యవసాయ విస్తరణ అధికారి) మేడం ఫోన్లో వయసు చూసి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా "రాదమ్మా" అంది. అమ్మకు ఆ డబ్బు మీద ఆశ ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. మీ ఇంట్లో వాళ్ల ఆధార్‌లో వయసు తప్పుగా ఉంటే వాళ్లు బతికి ఉండగానే సరైన రుజువు పెట్టి మార్పించండి. తర్వాత చేయగలిగింది ఏమీ ఉండదు.

పన్నెండోనాడు దినం అయ్యాక, అక్క, బావ తిరిగి వెళ్లేలోపు భూమి ఎవరి పేరున పెట్టాలో మాట్లాడుకున్నాం. మా కాక "కొడుకు పేరునే పెట్టుండ్రి, మళ్లీ మళ్లీ మార్చుడెందుకు" అన్నాడు. నేను అంతకుముందే కొంత చదివి ఉన్నాను. గడిచిన ఏడాది ఆదాయపు పన్ను కట్టినవాళ్లకు పీఎం కిసాన్ రాదు. నా జీతంలో పన్ను కోస్తారు కాబట్టి భూమి నా పేరుకు వస్తే ఏడాదికి ఆ 6,000 పోయినట్టే. అమ్మకు ఆధార్ ప్రకారం 54 ఏళ్లు. పట్టా ఆమె పేరున ఉంటే ఇంకో అయిదేళ్లు రైతు బీమా కూడా ఉంటుంది. ఇవన్నీ పక్కన పెట్టినా, ముప్పై ఏళ్లు ఆ చేన్లో నడుం వంచింది ఆమె. అక్క ఒక్క మాటలో తేల్చేసింది. "అమ్మ పేరున ఉంటే అది ముగ్గురిదీ అయితది" అంది. అమ్మ తర్వాత ఇద్దరికీ సమానమని ఒక కాగితం రాసుకుని, కాక, బావ సాక్షి సంతకాలు చేశారు. ఆ కాగితానికి ఆఫీసులో విలువ ఎంతో నాకు తెలియదు. అక్క మనసులో మాత్రం ఏ గీతా పడకూడదని నేనే పట్టుబట్టి రాయించాను.

విరాసత్ కోసం, అంటే భూమిని వారసుల పేరుకు మార్చడానికి, డిసెంబరు మొదటి వారంలో మీసేవకు వెళ్లాం. భూమి రికార్డులకు అప్పటికి ఇంకా ధరణి పోర్టలే. చనిపోయిన వ్యక్తి భూమి ఖాతా నంబరు, వారసులందరి ఆధార్, అందరూ ఒప్పుకున్నట్టు వాంగ్మూలం, మరణ ధ్రువపత్రం పెట్టి తహసీల్దారు ఆఫీసులో స్లాట్ బుక్ చేయాలి. ఫీజు ఎకరానికి 2,500 చొప్పున మా భూమికి 8,625, పాసుబుక్కుకు 300, మొత్తం 8,925 రూపాయలు. తండ్రి భూమి తల్లి పేరుకు రావడానికి కూడా ఎకరం లెక్కన కట్టాలని మేం అనుకోలేదు. పత్తి డబ్బుల్లోంచే తీసి కట్టాం.

అక్కడ ఆగింది అక్క ఆధార్ దగ్గర. పెళ్లయ్యాక ఆమె ఆధార్ మహారాష్ట్ర చిరునామాతో, బావ ఇంటిపేరుతో ఉంది. తండ్రి పేరు ఉండాల్సిన చోట భర్త పేరు ఉంది. ఈమె ఆ తండ్రి బిడ్డే అనడానికి కాగితం ఏదని అడిగారు. మేం ఊరంతా తెలిసినవాళ్లమే, కానీ ఊరు చెప్తే చెల్లదు. చివరికి దారి చూపింది ఆమె పదో తరగతి మెమో. అందులో బాపు పేరు ఉంది. అది మా ఇంట్లో ఇనుప పెట్టెలో, పాత రేషన్ కార్డు కింద దొరికింది. దానికి గిర్దావర్ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) ఊళ్లో విచారణ చేసి ఇచ్చిన కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తోడైంది. దానికే మూడు వారాలు పట్టింది. ఆడపిల్లలు బయటి రాష్ట్రంలో ఉన్న ఇళ్లు మా దిక్కు చాలా ఉన్నాయి. భీవండి, సూరత్, షోలాపూర్ పోయినవాళ్లు లేని వాడ లేదు. వాళ్లందరికీ ఈ చిక్కు వచ్చేదే. మెమో గానీ, బడి ఇచ్చే బోనఫైడ్ గానీ ముందే వెతికి పెట్టుకోండి.

తహసీల్దారు ఆఫీసు బయట చెట్టు కింద ఒకాయన మమ్మల్ని రెండుమూడు సార్లు చూసి దగ్గరికొచ్చాడు. అయిదు వేలిస్తే ఈ వారంలోనే అయిపోతుందన్నాడు. అమ్మ నా మొహం చూసింది. "ఇచ్చేద్దాం కొడుకా, ఎన్నిసార్లు సెలవు పెడ్తవ్" అంది. ఇవ్వలేదు. అది పెద్ద గొప్ప అని కాదు. బాపు ఎప్పుడూ అలా ఇవ్వలేదు, ఆయన భూమి కోసమే ఇవ్వాలంటే నాకు మనసు రాలేదు.

సంక్రాంతి తర్వాత దొరికిన స్లాట్ రోజు ఆఫీసులో ఎవరూ లేరు. జనవరి 21 నుంచి 24 దాకా ఊళ్లల్లో గ్రామసభలు పెట్టారు. తహసీల్దారు నుంచి అటెండరు దాకా అందరూ అక్కడే. రైతు భరోసాకు ఏ భూమి సాగుకు పనికొస్తుంది, ఏది పనికిరాదు అన్న జాబితా కూడా ఆ సభల్లోనే చదివారు. మా ఊరి సభలో మా సర్వే నంబర్లు సాగు భూముల్లోనే ఉన్నాయి, పేరు మాత్రం బాపుదే చదివారు. నేను హైదరాబాద్‌లో ఉన్నాను, అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "మీ బాపు పేరు పిలిచిండ్రురా" అంది. ఆ మాట తర్వాత ఇద్దరం ఏం మాట్లాడుకున్నామో గుర్తు లేదు.

స్లాట్ మళ్లీ పెట్టుకుంటే 2025 ఫిబ్రవరి 6 వచ్చింది. అక్క రైలెక్కి ముందు రోజే దిగింది. ఆ రోజు అమ్మ వేలిముద్రే పెద్ద పరీక్ష అయింది. మహిళా సంఘంలో నేర్చుకుని సంతకం బాగానే పెడుతుంది, కానీ మిషన్ అడిగేది వేలిముద్ర. రెండు నెలలు పత్తి ఏరిన వేళ్లవి. కాయ తొడిమలు గీరి గీరి కొసలు అట్ట కట్టి, గీతలు అరిగిపోయి ఉన్నాయి. బొటనవేలు పెడితే ఎర్ర లైటు, చూపుడు వేలు పెడితే ఎర్ర లైటు. ఆపరేటర్ కుర్రాడు విసుక్కోలేదు, అది చెప్పాలి. తడిగుడ్డతో తుడవమన్నాడు, కొంచెంసేపు ఆగమన్నాడు, కొబ్బరినూనె డబ్బా తనే తీసి ఇచ్చాడు. వెనకాల వరసలో ఉన్నవాళ్లు గొణుగుతున్నారు. అమ్మ కొంగుతో వేళ్లు రుద్దుతూ "నేనేం దొంగతనం జెయ్యలే గద బిడ్డా" అంది. చివరికి ఎడమచేతి నడిమి వేలుకు పచ్చ లైటు వచ్చింది. అది పడగానే అక్క ఏడ్చేసింది. పదిహేను నిమిషాల్లో మిగతా పని అయిపోయింది. తహసీల్దారు సంతకంతో కాగితం చేతికిచ్చారు. అసలు పాసుబుక్కు పోస్టులో వస్తుందన్నారు. అది నెల దాటాక వచ్చింది.

ఇక్కడే మాకు అన్నిటికంటే పెద్ద నష్టం జరిగింది. ఇది బాగా అర్థం చేసుకోవాలి.

రైతు భరోసా 2025 జనవరి 26న మొదలైంది. అంతకుముందు దీని స్థానంలో రైతుబంధు ఉన్నప్పుడు పంటకు ఎకరానికి 5,000 ఇచ్చేవారు, ఇప్పుడు 6,000. మొదటి రోజు మండలానికి ఒక ఊరికి ఇచ్చారు. మా ఊరు అందులో లేదు. తర్వాత ఫిబ్రవరి 5న ఎకరంలోపు వాళ్లకు, 10న రెండెకరాల దాకా, 12న మూడెకరాల దాకా వేశారు. మాది మూడు దాటింది కాబట్టి నాలుగెకరాల వరస. అది వచ్చేసరికి మార్చి ఆఖరు. అప్పటికి భూమి రికార్డులో బాపు పేరు పోయింది, ఆయన పేరున డబ్బు పడదు. అమ్మ పేరు రికార్డులోకి వచ్చింది గానీ ఆ సీజన్ జాబితా అంతకుముందే తయారు చేసేశారట, కాబట్టి ఆమెకూ పడదు. యాసంగి (రబీ) సాయం 20,700 రూపాయలు ఇద్దరి పేర్ల మధ్యలో పడిపోయింది.

మా వాడకట్టులోనే ఇంకో ఇంట్లో పెద్దాయన పోయి రెండేళ్లయింది. వాళ్లు రికార్డు మార్చలేదు. ఆయన ఖాతాలో డబ్బు పడుతూనే ఉంది, ఏటీఎం కార్డుతో తీసుకుంటూనే ఉన్నారు. నియమం ప్రకారం ఫీజు కట్టి పేరు మార్చుకున్న ఇంటికి ఒక సీజన్ పోవడం, ఏమీ చెప్పనివాళ్లకు రావడం నాకు చాలా అన్యాయంగా అనిపించింది. అలా ఉంచుకోమని నేను చెప్పను. రేపు ఆ ఇంట్లో ఎవరికీ బీమా ఉండదు, పంట రుణం కొత్తగా రాదు, పట్టుబడితే డబ్బు తిరిగి కట్టాలి. కానీ ఏ తేదీ నాటికి రికార్డులో ఉన్న పేర్లు తీసుకుంటారో ముందే చెప్తే, చావు జరిగిన ఇల్లు దానికి తగ్గట్టు తొందరపడుతుంది. పేరు మారినా భూమి అదే, పంట అదే, దున్నేవాళ్లూ వాళ్లే. వారసత్వంతో మారిన భూములకైనా ఆ సీజన్ డబ్బు కొత్త పేరుకు బదిలీ కావాలి. దీని మీద అధికారులు సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో అర్జీ ఇచ్చాను, రసీదు ఇచ్చారు.

ఫిబ్రవరి 24 సాయంత్రం బాపు ఫోన్ మోగింది. ఆ చిన్న ఫోన్‌ను అమ్మ ఛార్జింగ్ పెట్టి గూట్లో ఉంచేది, ఎవరైనా తెలియనివాళ్లు చేస్తారేమోనని. మెసేజ్ వచ్చిందని నాకు ఫోన్ చేసింది. రెండు వేలు జమ అయినట్టు ఉంది. ఆ రోజే పీఎం కిసాన్ 19వ విడత విడుదల చేశారు. రాష్ట్రం ఇచ్చేదానికి, కేంద్రం ఇచ్చేదానికి పేర్ల జాబితాలు వేరని అప్పుడు తెలిసింది. భూమి రికార్డు మారినా కేంద్రం జాబితాలో బాపు ఇంకా బతికే ఉన్నాడు. ఏఈఓ మేడం ఆ డబ్బు తీయొద్దని గట్టిగా చెప్పింది. మరణం తర్వాత పడ్డ విడతలు వెనక్కి కట్టాల్సిందే. పీఎం కిసాన్ వెబ్‌సైట్‌లో అందుకు ఆన్‌లైన్ రిఫండ్ అని ఉంటుంది. దాంట్లో కట్టేసి, రసీదు ప్రింటు తీసి, మరణ ధ్రువపత్రంతో కలిపి మండల వ్యవసాయ ఆఫీసులో ఇచ్చి బాపు పేరు తీయించాం. ఆయన ఖాతాలో మిగిలిన డబ్బు నామినీగా అమ్మకు రావడానికి బ్యాంకులో నెలన్నర పట్టింది.

ఏప్రిల్ 14న ధరణి పోయి భూభారతి వచ్చింది. టీవీలో అది చూసి అమ్మకు టెన్షన్ పట్టుకుంది, మొన్ననే వచ్చిన పాసుబుక్కు చెల్లదేమోనని. చెల్లుతుంది, ఏమీ మార్చుకోనక్కర్లేదు. జూన్‌లో మా ఊళ్లో రెవెన్యూ సదస్సు పెట్టినప్పుడు కూడా అడిగి గట్టి చేసుకున్నాం.

పాసుబుక్కు వస్తే డబ్బు దానంతటదే వస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు. కొత్త పట్టాదారు బ్యాంకు వివరాలు ఏఈఓకు ఇచ్చి పోర్టల్‌లో ఎక్కించుకోవాలి. వానాకాలానికి జూన్ 5 నాటికి పాసుబుక్కు ఉన్నవాళ్లు, 20వ తేదీలోపు దరఖాస్తు ఇవ్వాలని మేడం వాట్సాప్ గ్రూపులో పెట్టింది. రైతువేదికలో ఫారం నింపి, పాసుబుక్కు, ఆధార్, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ జిరాక్సులు ఇచ్చాం. అక్కడ ఇంకో మెలిక. అమ్మ ఖాతా ఉన్న బ్యాంకు ఆ జనవరిలోనే ఇంకో బ్యాంకులో కలిసిపోయింది. పాత పుస్తకం మీదున్న ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ ఇచ్చి ఉంటే డబ్బు వెనక్కి పోయేదట. మేడమే చూసి "అమ్మా, కొత్త పుస్తకం తెచ్చుకో, లేకపోతే మళ్లీ సీజన్ పోతది" అని వెనక్కి పంపింది. ఆమె అలా పట్టించుకోకపోతే ఏమయ్యేదో. మూడు ఊళ్లకు ఒకే ఏఈఓ, సీజన్లో పగలంతా ఆమె ఫోన్ మోగుతూనే ఉంటుంది, అయినా ఆ కోడ్ చూసింది.

జూన్ 16న డబ్బు వేయడం మొదలుపెట్టి తొమ్మిది రోజుల్లో అందరికీ వేశామన్నారు. ఊళ్లో ఫోన్లన్నీ మోగాయి, అమ్మ ఫోన్ మోగలేదు. వానలు సరిగ్గా లేవు, ఒకసారి పెట్టిన పత్తి గింజ మొలవలేదు, 901 రూపాయల ప్యాకెట్లు మళ్లీ కొనాలి. డీఏపీ బస్తా 1,350. అమ్మ రోజూ సాయంత్రం ఒకే ప్రశ్న అడిగేది. నేను రోజూ ఒకే జవాబు చెప్పేవాణ్ని. కొత్తగా ఎక్కినవాళ్లది ఆలస్యమవుతుందని మేడం చెప్పింది గానీ, ఫిబ్రవరి, మార్చి చూసినవాళ్లకు ఆ మాట నమ్మబుద్ధి కాదు. జూలై మొదటి వారంలో ఒక మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది. 20,700. అమ్మ ఆ మెసేజ్ పక్కింటి పిల్లతో చదివించుకుని, మళ్లీ నాకు ఫోన్ చేసి నాతో ఇంకోసారి చదివించుకుంది. గుంటకు 150 చొప్పున పద్దెనిమిది గుంటలకు 2,700, మూడెకరాలకు 18,000. రూపాయి తేడా లేదు.

మా చెలక పక్కనే అయిదెకరాలు కౌలుకు చేసే ఇల్లొకటి ఉంది. అదే వాన, అదే గింజ, అదే బస్తా ధర. ఆ భూమి డబ్బు పట్నంలో ఉన్న పట్టాదారుకు పడింది. అమ్మ మెసేజ్ వచ్చిన రోజు వాళ్ల దగ్గర ఆ సంగతి మాట్లాడలేదు.

ఆగస్టు రెండో వారంలో అమ్మను రైతు బీమాలో చేర్పించాం, నామినీగా నా పేరు. బీమా ఏడాది ఆగస్టు 14 నుంచి మొదలవుతుంది కాబట్టి ఆ లోపే వెళ్లాలి, తర్వాత వెళ్తే మళ్లీ ఏడాది ఆగాలి. ఫారంలో నా పేరు రాస్తుంటే అమ్మ "ఇదొద్దురా" అంది. బాపు విషయంలో చూశాం కదా అన్నాను. సంతకం పెట్టింది. ఆ నెలంతా యూరియా కోసం వరసలు. 266 రూపాయల 50 పైసల బస్తా కోసం పాసుబుక్కు పట్టుకుని తెల్లారకముందే నిలబడాల్సి వచ్చింది. ఆమె పేరున పాసుబుక్కు లేకపోతే అదీ ఉండేది కాదు.

ఇక పీఎం కిసాన్. ఇందులో 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి ఉన్నవాళ్లే అర్హులు. ఆ తర్వాత కొన్నవాళ్లకు రాదు, కానీ యజమాని చనిపోయి వారసత్వంగా వచ్చినవాళ్లకు వస్తుంది. ఈ సంగతి తెలియక మా ఊళ్లో ఇద్దరు దరఖాస్తే పెట్టుకోలేదు. మేం ఏప్రిల్‌లో కొత్త రైతుగా నమోదు చేయించాం. వారసత్వం అని స్పష్టంగా పెట్టాలి, మరణ తేదీ, పట్టా మారిన తేదీ సరిగ్గా ఉండాలి. అది మండలం, జిల్లా, రాష్ట్రం మెట్లు ఎక్కాలి. మేలో మా రాష్ట్రంలో రైతు రిజిస్ట్రీ మొదలైంది, పదకొండు అంకెల నంబరు ఇస్తారు. అది కూడా చేయించమన్నారు. దానికి ఆధార్‌కు కట్టిన ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. అమ్మ ఆధార్‌కు ఉన్నది బాపు నంబరే. ఆ ఫోన్ గూట్లోంచి తీసేయకపోవడం ఎంత మేలైందో. సిమ్ ఆగిపోయి ఉంటే మళ్లీ ఆధార్ కేంద్రం చుట్టూ తిరగాల్సి వచ్చేది. ఈ-కేవైసీకి, అంటే ఆధార్‌తో మనిషిని నిర్ధారించుకునే పనికి, వేలిముద్ర మళ్లీ పడలేదు. కానీ ఇందులో ముఖం చూపించి చేసే యాప్ ఉంది. అమ్మ వాకిట్లో వెలుతురుకు నిలబడి కన్నార్పితే ఒక్కసారికే అయిపోయింది. వేళ్లు అరిగిన పెద్దవాళ్లందరికీ అదే దారి చెప్పండి.

ఆగస్టు 2న 20వ విడత వచ్చింది, అమ్మ దరఖాస్తు ఇంకా పరిశీలనలోనే ఉంది. సెప్టెంబరు ఆఖర్లో ఆమోదం అని కనిపించింది. నవంబరు 19న 21వ విడత విడుదలైంది. సైట్‌లో అమ్మ పేరున చెల్లింపు పూర్తయిందని ఉంది, బ్యాంకులో మాత్రం డబ్బు లేదు. మళ్లీ గుండె జారింది. రెండు వారాలు ఎవరిని అడిగినా సాంకేతిక సమస్య అన్నారు. చివరికి బ్యాంకులో ఒక అమ్మాయి అర్థమయ్యేలా చెప్పింది. రైతు భరోసా మనం రాసిచ్చిన ఖాతా నంబరుకు వస్తుంది. పీఎం కిసాన్ అలా కాదు, ఆధార్ చివరిగా ఏ బ్యాంకుకు కట్టి ఉంటే అక్కడికి పోతుంది. అమ్మకు ఎప్పుడో ఉపాధి హామీ కూలి కోసం మండలంలో ఇంకో బ్యాంకులో తెరిచిన సున్నా ఖాతా ఉంది. ఆ పుస్తకం ఎక్కడుందో కూడా ఆమెకు గుర్తు లేదు.

డిసెంబరు మొదటి వారంలో ఆ బ్యాంకుకు వెళ్లాం. ఆధార్ చూపిస్తే కొత్త పుస్తకం ఇచ్చి ఎంట్రీ వేశారు. నవంబరు 19న రెండు వేలు ఉన్నాయి. దాని పైన ఇంకా కొన్ని వరసలు. గ్యాస్ సిలిండర్ మీద వచ్చే రాయితీ డబ్బులు, ఏడాదిన్నరగా రావట్లేదని అమ్మ అనుకుంటున్నవి, ఒక్కొక్కటే అందులో పడి ఉన్నాయి. అమ్మ ఆ వరసల మీద వేలు పెట్టి ఒక్కోటి లెక్కపెట్టించుకుంది.

తర్వాత మా ఊరికి దగ్గరున్న బ్యాంకుకు వెళ్లి ఆధార్‌ను అక్కడి ఖాతాకు మార్పించాం. ఒక కాగితం మీద సంతకం, రెండు రోజుల్లో అయిపోయింది. ఇక నుంచి రెండు పథకాల డబ్బూ ఒకే పుస్తకంలో పడాలి. యాసంగి సాయం గురించి ప్రజావాణిలో ఇచ్చిన అర్జీకి ఇది రాసేనాటికి జవాబు రాలేదు. రసీదు నంబరు దాచి ఉంచాను, మళ్లీ వెళ్లి అడుగుతాను.